డాంటే మహాకవి

నరకమును వర్ణించిన కవు లనేకులు కలరు. వారిలో నిటలీ దేశీయుఁడగు డాంటేకొక విశేషము కలదు. మన గరుడపురాణమున నిట్టి పాపమున కిట్టి దండనమని సామాన్యముగాఁ జెప్పఁబడినది. డాంటేయో తన నగరమువారిని, తన కాలమువారిని, పేళ్లతోడనే నరకమునఁ బెట్టెను. తోడి మనుష్యులకుఁ దీర్పు చెప్పుట కీతని కధికార మెక్కడిదని చదువరు లడుగవచ్చును. అందులకుఁ గొంత యుత్తర మాతని చరిత్రమునఁ గానవచ్చుచున్నది.

ఆతఁడు 1265వ సంవత్సరమున ఫ్లారెన్సు నగరమున జన్మించెను. 1289లో కంపాల్డినో యుద్ధమునఁ బోరాడెను. 1300లో నగరపాలకులగు ఆఱుగురిలో నొకఁడయ్యెను. అప్పుడు నగరము తెల్లకక్షి, నల్లకక్షి యని రెండుగాఁ జీలి కలహములతో నిండియుండెను. అల్లరి నణఁచుటకై పాలకు లుభయపక్షముల నాయకులను వెడలఁగొట్టిరి. అట్లు వెడలినవారిలో డాంటేకుఁ బ్రాణమిత్రుఁడైన గైడో కవల్కాంటి యను కవియు నుండెను. ఆ మిత్రుఁడు రోగియై తిరిగివచ్చి, యా వేసవియందే గతించెను. స్వపక్షమువారిని, నందును స్నేహితుని, దండింపఁగల యధికారు లే దేశమునను గొందఱే యుందురు.

మఱుసటి యేఁట నాతఁడు పోపగు ఎనిమిదవ బోనిఫేసునొద్దకు రాయబారిగాఁ బోయియుండఁగా విరోధులు నగరమును వశపఱచుకొనిరి. 1302 జనవరిలో నాతనిపై లంచగొండితనము మోపి 5000 ఫ్లారినుల జరిమానాయు, రెండేండ్ల ప్రవాసమును విధించిరి; మార్చిలోనో, చిక్కినచోఁ బ్రాణముతోఁ గాల్చివేయవలసినదని శాసించిరి. మఱల నాతఁడు జన్మభూమిని జూడలేదు. 1315లో, నవమానకరమైన నిబంధనలకు లోఁబడినయెడల రావచ్చునని నగరమువారు తెలుపఁగా నిరాకరించెను.

పరుల యిండ్ల నన్నము తినుచు నా దినములలో రచించిన కావ్యమే డివైన్ కామెడీ. పండితభాషయగు లాటినును విడిచి, స్త్రీలును బాలురును మాటాడు దేశభాషలో నాతఁడు దానిని వ్రాసెను. అందు నరకము తొమ్మిది వలయములు. లంచగొండులు మరుగుచున్న కీలులో మునిఁగియుందురు. మతాధికారముల నమ్ముకొనిన మూఁడవ నికొలసు పోపు తలక్రిందులుగా గోతిలో దిగఁబడి, యరికాళ్లు మండుచుండఁగాఁ దపించుచుండును; కథాకాలమునకు బ్రదికియున్న బోనిఫేసునకును నచ్చట స్థానము సిద్ధముగా నున్నది. ఇది వైరమువలన వ్రాసినదని కొందఱందురు. కొంత నిజమే కావచ్చును. కాని తండ్రివలె గౌరవించిన బ్రునెట్టో లాటినిని గూడ నాతఁడు మండు నిసుకపై నడిపించి, తాను తలవంచుకొని ప్రక్కన నడచెను. వైరమే కారణమైనచో నీ ఘట్ట మేల వ్రాయును? అన్నిటికంటె నడుగున నగ్ని లేదు, మంచు గలదు. అది నమ్మినవారికి ద్రోహము చేసినవారి నివాసము.

1321లో వెనీసునకు రాయబారమునకుఁ బోయి వచ్చుచు జ్వరపీడితుఁడై, రవెన్నాలో నేఁబదియాఱవ యేఁట మృతినొందెను. ఫ్లారెన్సువా రాతని యస్థులను గోరిరి. రవెన్నాలోని సన్న్యాసులు వానిని దాఁచివేసిరి. అవి 1865లోఁగాని బయలుపడలేదు. ఫ్లారెన్సునందలి యాతని సమాధి నేఁటికిని శూన్యముగానే యున్నది. ఆ నగరసభవా రా పూర్వపు శిక్షను రద్దుచేయ నిశ్చయించినది 2008వ సంవత్సరమున.