ఒసాము తెజుకా

ఒసాము తెజుకా (నవంబరు 3, 1928 - ఫిబ్రవరి 9, 1989) జపాను దేశానికి చెందిన సుప్రసిద్ధ బొమ్మల కథల రచయిత, చిత్రకారుడు, యానిమేషన్ చిత్రాల నిర్మాత, దర్శకుడు. వృత్తివిద్య రీత్యా వైద్యుడు. అంతరిక్షంలో ఎగరగలిగిన అటోమ్ అనే చిన్న మరమనిషి బాలుని పాత్రను 1951లో సృష్టించాడు. ఆంగ్లం మాట్లాడే దేశాలలో ఈ పాత్ర ఆస్ట్రో బాయ్ అనే పేరుతో ప్రసిద్ధమైనది. మరమనిషిని యజమాని చెప్పిన పని చేసే యంత్రముగానో, మనుషులపై తిరగబడే భూతముగానో కాక, పిల్లల స్నేహితునిగా చూపిన తొలి రచయితలలో ఈయన ముఖ్యుడు. జపానులో ఈయనను బొమ్మల కథల దేవుడని గౌరవంగా వ్యవహరిస్తారు.

బాల్యము

తెజుకా ఒసాకా ప్రాంతంలోని తోయోనాకాలో జన్మించాడు. తండ్రి యుతాకా, తల్లి ఫుమికో. ముగ్గురు సంతానంలో ఈయనే పెద్దవాడు. పుట్టినరోజు మెయిజీ చక్రవర్తి జయంతి కావడంతో, మెయిజీ అనే పేరులోని ఒక అక్షరాన్నే తీసుకుని ఒసాము అని పేరు పెట్టారు. ఈయనకు ఐదేళ్ళ వయసులో కుటుంబము దగ్గరలోని తకారజుకాకు మారింది. ఆ ఊరు స్త్రీలు మాత్రమే నటించే సంగీత నాటకశాలకు పేరుపొందినది. తల్లి ఈయనను ఆ నాటకాలకు తీసుకొని వెళ్ళేది. తండ్రి ఇంటిలోనే చిన్న ప్రొజెక్టరు పెట్టి వాల్ట్ డిస్నీ, ఫ్లైషర్ సోదరుల కార్టూన్లు చూపించేవాడు. ఆ రోజులలో ఒక పిల్లవానికి ఇంత అదృష్టము అరుదు.

బక్కపలచగా, ఉంగరాల జుట్టుతో ఉండే తెజుకాను తోటి పిల్లలు ఏడిపించేవారు. అయితే ఈయన గీసిన బొమ్మలు చూడడానికి వాళ్ళే చుట్టూ చేరేవారు. పురుగులను సేకరించి వాటి రెక్కలు, కాళ్ళు ఉన్నవి ఉన్నట్లు గీయడం మరొక వ్యాపకము. ఒసాముషి అనే ఒక జాతి పెంకుపురుగు పేరు తన పేరును పోలి ఉండటం చూసి ముచ్చటపడి, తన కలంపేరుకు పురుగు అని అర్థమిచ్చే అక్షరాన్ని జోడించుకున్నాడు.

యుద్ధకాలము

రెండవ ప్రపంచ యుద్ధము చివరి రోజులలో పాఠశాల విద్యార్థులను కర్మాగారాలలో పనికి పంపారు. తెజుకా కూడా ఒసాకాలోని ఒక ఆయుధ కర్మాగారంలో పనిచేశాడు. 1945 జూన్‌లో ఒసాకాపై జరిగిన వైమానిక దాడి సమయంలో కాపలా బురుజుపై ఉన్న ఈయన ప్రాణాలతో బయటపడ్డాడు. నదిలోను, ఒడ్డున పడివున్న శవాలను ఆ రోజు చూశాడు. అదే సంవత్సరము ఏప్రిల్‌లో, బాంబుదాడులకు బెదిరి జనము రాని ఒక సినిమాహాలులో మొమొతారో అనే జపాను యానిమేషన్ చిత్రాన్ని చూసి కంటతడి పెట్టుకున్నాడు. నౌకాదళము ప్రచారము కొరకు తీయించిన చిత్రమే అయినా, అందులో పిల్లల కోసం దాగివున్న కలలు తనను కదిలించాయని, ఎన్నటికైనా యానిమేషన్ చిత్రము తీయాలని అప్పుడే నిశ్చయించుకున్నానని తరువాత వ్రాసుకున్నాడు.

వైద్యవిద్య, తొలి రచనలు

బాల్యంలో చేతులకు సోకిన తీవ్రమైన చర్మవ్యాధిని నయము చేసిన వైద్యుని చూసి తెజుకాకు వైద్యవృత్తిపై గౌరవము కలిగింది. 1945లో ఒసాకా విశ్వవిద్యాలయానికి అనుబంధమైన వైద్య కళాశాలలో చేరాడు. చదువుతూనే 1946 జనవరిలో ఒక పిల్లల పత్రికలో నాలుగు గడుల బొమ్మల కథలు ప్రారంభించాడు. 1947 ప్రారంభంలో, సకాయ్ షిచిమాతో కలిసి చేసిన కొత్త రత్నద్వీపము అనే పుస్తకము వెలువడింది. ఇది సుమారు 4 లక్షల ప్రతులు అమ్ముడుపోయిందని చెబుతారు. మద్రాసులో చందమామ పత్రిక మొదలైనది కూడ ఆ సంవత్సరమే. సినిమా కెమెరా దగ్గరకు, దూరానికి కదిలినట్లుగా బొమ్మ వెంబడి బొమ్మను కూర్చే తెజుకా పద్ధతి జపాను పిల్లలకు కొత్తగా తోచింది. లాస్ట్ వరల్డ్ (1948), మెట్రోపోలిస్ (1949), జంగిల్ చక్రవర్తి (1950-54) అటుపిమ్మట వచ్చినవి.

వైద్యమా, బొమ్మలా అని తేల్చుకోలేక తల్లిని అడిగితే, నీకు నిజంగా ఇష్టమైనదే చేయమని ఆమె చెప్పింది. అయినా చదువు వదలలేదు. 1952లో వైద్యునిగా అర్హత పొందాడు. 1961లో చెరువు నత్తల బీజకణాల నిర్మాణముపై చేసిన పరిశోధనకు నారా వైద్య విశ్వవిద్యాలయము డాక్టరేటు ఇచ్చింది. వైద్యవృత్తి మాత్రము ఎన్నడూ చేపట్టలేదు.

అటోమ్ పుట్టుక

1951 ఏప్రిల్‌లో షోనెన్ అనే బాలుర మాసపత్రికలో రాయబారి అటోమ్ అనే ధారావాహిక మొదలయింది. తమ గ్రహము పేలిపోగా, అచ్చము భూలోకవాసులను పోలిన మనుషులు అంతరిక్ష నౌకలలో భూమికి చేరుకుంటారు. తిండి చాలక ఇరువర్గాలకు తగవు వస్తుంది. ఏ వర్గానికీ చెందని ఒక చిన్న మరమనిషి మధ్యవర్తిగా వెళ్ళి సంధి కుదుర్చుతాడు. తన మాటకు పూచీగా తన తలనే ఊడదీసి వారికి అప్పగిస్తాడు. జపాను అప్పటికి ఇంకా అమెరికా సైన్యము అధీనంలోనే ఉన్నది. త్రాగి ఉన్న అమెరికా సైనికులు అడిగినది అర్థము కాక జవాబు చెప్పలేకపోయినందుకు తెజుకా ఒకసారి వారి చేతిలో దెబ్బలు తిన్నాడు. ఒకరి మాట ఒకరికి అర్థము కానప్పుడు పుట్టే పగ తన కథలన్నిటికీ మూలమని ఈయన వివరించాడు.

ఆ కథలో అటోమ్ ప్రధాన పాత్ర కాదు. పత్రిక సంపాదకుని సలహాపై 1952 ఏప్రిల్ నుండి అతనినే నాయకునిగా చేసి తెత్సువాన్ అటోమ్ (బలమైన బాహువుల అటోమ్) అనే కొత్త ధారావాహికను ప్రారంభించాడు. ఇది 1968 వరకు సాగింది. కారు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న డాక్టర్ తెన్మా అదే రూపంలో ఒక మరమనిషిని తయారుచేస్తాడు. అది ఎదగడం లేదని తెలుసుకొని కోపంతో సర్కస్‌కు అమ్మివేస్తాడు. ఒచనొమిజు అనే దయగల శాస్త్రవేత్త వానిని విడిపించి పెంచుతాడు. అటోమ్ ఎత్తు 135 సెంటీమీటర్లు, శక్తి లక్ష అశ్వబలము. కాళ్ళలోని జెట్‌లతో ఆకాశంలోను, రాకెట్‌లతో అంతరిక్షంలోను ఎగురుతాడు. కథ ప్రకారం అతడు పుట్టినది 2003 ఏప్రిల్ 7న. హిరోషిమా, నాగసాకి నగరాలు కాలిపోయిన ఆరేళ్ళకు ఆ దేశంలోనే ఒక బాలవీరునికి అణువు అనే పేరు పెట్టడం గమనార్హము.

టెలివిజన్, ఆటవస్తువులు

1959లో ఎత్సుకో ఒకాదాను వివాహమాడిన తెజుకా, 1961లో ముషి ప్రొడక్షన్స్ అనే యానిమేషన్ సంస్థను నెలకొల్పాడు. 1963 జనవరి 1న ఫుజి టెలివిజన్‌లో అటోమ్ ప్రసారము మొదలయింది. ప్రతి వారము అరగంట చొప్పున 1966 డిసెంబరు 31 వరకు 193 భాగాలు వచ్చాయి.

ఇందులోని కష్టము అర్థము కావాలంటే కొద్దిగా లెక్క చూడాలి. అమీర్‌పేట - యూసుఫ్‌గూడ ప్రాంతంలోని సారథీ స్టూడియోలో తీసిన సినిమా అయినా, టోక్యోలో తీసినదైనా తెరపై సెకనుకు 24 ఫ్రేములు నడవాలి. కెమెరా ముందు నటులుంటే ఇబ్బంది లేదు. యానిమేషన్‌లో ఆ కదలికలన్నీ చేతితో గీయాలి. ఒక్కొక్క బొమ్మను రెండు ఫ్రేముల చొప్పున వాడినా 25 నిమిషాలకు 18,000 బొమ్మలు కావాలి. వారానికి ఒక భాగము చొప్పున ఇది అసాధ్యము. తెజుకా బృందము ఒక్కొక్క బొమ్మను మూడు ఫ్రేములకు వాడింది. ముఖము కదలకుండా పెదవులు మాత్రమే కదిలించింది. అటోమ్ ఎగిరే దృశ్యాన్ని ఒకసారి గీసి దాచుకొని, పలు భాగాలలో మరల మరల వాడింది. ఈ విధంగా కొద్ది వేల బొమ్మలతోనే పని జరిగింది.

ఇతర సంస్థలు పోటీకి రాకూడదని, ప్రకటనదారులు వెనుకాడకూడదని తెజుకా టెలివిజన్ వారికి చెప్పిన ధర తయారీ ఖర్చులో కొద్ది భాగము మాత్రమే. ఒక్కొక్క భాగానికి 5,50,000 యెన్లని తాను చెప్పేవాడు. వాస్తవంగా అంతకంటె ఎక్కువే ముట్టిందని తరువాతి పరిశోధకులు తేల్చారు. ఏమైనా నష్టము నష్టమే. ఆ లోటును పూడ్చినవి చాక్లెట్లు, ఆటబొమ్మలు. ప్రాయోజకులైన మెయిజీ మిఠాయి సంస్థ తమ చాక్లెట్లకు అటోమ్ స్టిక్కర్లను బహుమతిగా ఇవ్వగా పిల్లలు వాటి కోసం ఎగబడ్డారు. అటోమ్ బొమ్మలను, పెట్టెలను, నోటుపుస్తకాలను తయారుచేసే సంస్థలు అనుమతి రుసుము చెల్లించాయి. 1964లో ప్రేక్షకుల శాతము 40.3కు చేరింది. 1963లోనే అమెరికాకు చెందిన ఎన్.బి.సి. అనుబంధ సంస్థ 52 భాగాలను కొన్నది. ముందుగా కార్యక్రమము, దాని వెనుక బొమ్మల వ్యాపారము అనే పద్ధతి జపానులో ఇక్కడే స్థిరపడింది.

ఈ చౌక ధర వలన యానిమేషన్ కళాకారుల జీతాలు దశాబ్దాల తరబడి తక్కువగా ఉండిపోయాయనే విమర్శ బలమైనది. తెజుకా మరణించిన సంవత్సరమే దర్శకుడు హయావో మియజాకి ఈ విషయమై ఘాటుగా వ్రాశాడు. మరోవైపు, ఆ ధర చెప్పకపోతే వారము వారము వచ్చే యానిమేషన్ అప్పట్లో మొదలయ్యేదే కాదని వాదించేవారు ఉన్నారు. రెండింటిలోను నిజమున్నది గాని, నష్టపోయినవారు రాత్రింబవళ్ళు బొమ్మలు గీసిన యువకులే అన్నది కాదనలేని విషయము.

1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో తెజుకా తన ఆరాధ్యుడైన వాల్ట్ డిస్నీని కలుసుకున్నాడు. బాంబి చిత్రాన్ని ఈయన 80 సార్లకు పైగా చూశాడట. తన అంతరిక్ష చిత్రానికి కళాదర్శకునిగా రమ్మని స్టాన్లీ క్యూబ్రిక్ ఆహ్వానించాడని, సంస్థను విడిచి ఏడాది పాటు వెళ్ళలేక తిరస్కరించానని తెజుకా చెప్పుకున్నాడు.

పతనము, పునరాగమనము

1960ల చివరకు పెద్దల కోసం గీసిన గంభీరమైన బొమ్మల కథలు ఆదరణ పొందగా తెజుకా శైలి పాతబడిందని పాఠకులు భావించారు. అప్పులు పెరిగాయి. 1971లో సంస్థ అధ్యక్ష పదవి నుండి తప్పుకున్నాడు. 1973లో ముషి ప్రొడక్షన్స్ దివాలా తీసింది. ఆ నవంబరులోనే, ఇక ఈయన పని అయిపోయిందని అనుకుంటున్న సమయంలో, బ్లాక్ జాక్ అనే కథ మొదలయింది. అనుమతి పత్రము లేని ఒక గొప్ప శస్త్రవైద్యుడు ఇందులో నాయకుడు. వృథా అయిందనుకున్న వైద్యవిద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. ఈ కథ తెజుకాను తిరిగి అగ్రస్థానంలో నిలబెట్టింది.

భారతీయ పాఠకులకు ఆసక్తి కలిగించే రచన బుద్ధ (1972-83). కపిలవస్తు, మగధ, కోసల రాజ్యాల నేపథ్యంలో, కల్పిత పాత్రలను కూడ చేర్చి గౌతముని జీవితాన్ని చిత్రించాడు. కులభేదాల క్రూరత్వము ఇందులో ప్రస్ఫుటంగా కనిపిస్తుంది.

మరణము

1988లో తెజుకాకు కడుపులో క్యాన్సరు ముదిరింది. అప్పటి జపాను ఆచారం ప్రకారం రోగికి ఆ సంగతి చెప్పలేదు. ఆసుపత్రి మంచముపైన కూడ బొమ్మలు గీస్తూ, తనను పని చేసుకోనివ్వమని చుట్టూ ఉన్నవారిని వేడుకున్నాడు. 1989 ఫిబ్రవరి 9న టోక్యోలో మరణించాడు. అప్పటికి వయసు 60 సంవత్సరాలు. చివరి రచనలలో ఒకటైన నియో ఫౌస్ట్ చివరి పుటలు పెన్సిలు గీతలుగానే మిగిలిపోయాయి. యౌవనము నుండి గీస్తూ వచ్చిన ఫీనిక్స్ కూడ పూర్తి కాలేదు. జీవితకాలంలో ఈయన సుమారు 700 రచనలు, లక్షన్నర పుటలు గీశాడని అంచనా. కుమారుడు మకోతో చలనచిత్ర దర్శకుడు.

తరువాతి కాలము

తెజుకా ఖాళీ చేసిన అద్దె గదిలో దిగిన ఫుజికో ఫుజియో అనే జంట రచయితలలో ఒకడైన హిరోషి ఫుజిమోతో, తెలుగు పిల్లలకు టెలివిజన్ ద్వారా సుపరిచితుడైన డోరేమాన్ అనే పిల్లి మరమనిషిని తరువాత సృష్టించాడు. 1994లో తకారజుకాలో తెజుకా స్మారక ప్రదర్శనశాల వెలసింది. అటోమ్ కథలలో ఒకదానిని నవోకి ఉరసావా ప్లూటో (2003-09) పేరుతో తిరిగి చిత్రించగా, 2023లో అది యానిమేషన్‌గా వచ్చింది. కథలో అటోమ్ పుట్టిన 2003వ సంవత్సరంలో, టోక్యోలోని తకదనొబాబా రైల్వేస్టేషనులో రైలు బయలుదేరేటప్పుడు వినిపించే సంగీతముగా అటోమ్ ధారావాహిక పాట బాణీని ప్రవేశపెట్టారు.