కార్ల్స్‌రూహె క్రీడావీరుడు యూలియస్ హిర్ష్

క్రీడాకారుల జీవిత చరిత్రలు సామాన్యంగా విజయాల లెక్కతో మొదలై విజయాల లెక్కతోనే ముగుస్తూ ఉంటాయి. అట్లా ముగించడానికి వీలులేని జీవితమొకటి మేమిక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము. అది జర్మనీ దేశపు ఫుట్‌బాలు ఆటగాడు యూలియస్ హిర్ష్ జీవితం. ఒక ఊరికి కీర్తి తెచ్చిన మనిషిని ఆ ఊరు ఎంతకాలం తనవాడుగా భావిస్తుందనే ప్రశ్న ఈ చరిత్రలో ఇమిడి ఉన్నది.

హిర్ష్ 1892 ఏప్రిల్ 7న బాడెన్ ప్రాంతంలోని ఆఖర్న్ అనే చిన్న పట్టణంలో, ఒక యూదుల ఇంట జన్మించారు. తండ్రి వర్తకుడు. పదిమంది సంతానంలో ఈయన ఏడవవారు. బాల్యమంతా కార్ల్స్‌రూహె నగరంలో గడిచింది. పదేండ్ల ప్రాయంలోనే అక్కడి కార్ల్స్‌రూహె ఫుట్‌బాలు సంఘంలో చేరారు. ఆ రోజులలో జర్మనీలో ఈ ఆట ఇంకా కొత్తది. ఆటవలన జీతమెవరికీ లేదు. పగలు కొలువు చేసుకొని, సాయంత్రం మైదానానికి వచ్చేవారు. ఆ సంఘానికి విలియం టౌన్లీ అనే ఆంగ్లేయుడు శిక్షకుడై, బంతిని దూరంగా తన్ని దాని వెంట పరుగెత్తడానికి బదులు, ఒకరి కాలినుండి ఒకరి కాలికి నేర్పుగా అందించుకొనే పద్ధతి అలవాటు చేశారు.

టౌన్లీ శిక్షణలో ముగ్గురు యువకులు రాణించారు. ఫ్రిట్జ్ ఫోర్డరర్, గాట్‌ఫ్రీడ్ ఫుక్స్, హిర్ష్. హిర్ష్‌ది ఎడమవైపు స్థానం, ఎడమకాలి దెబ్బకు ఆయన పెట్టింది పేరు. మైదానంలో ఎవరెక్కడ ఉంటారో చూడకుండానే ఒకరికొకరు తెలిసినట్లు ఈ ముగ్గురూ ఆడేవారని ప్రతీతి. 1910లో కార్ల్స్‌రూహె జట్టు తుది పోటీలో హోల్‌స్టైన్ కీల్ జట్టును ఒక్క గోలుతో ఓడించి, జర్మనీ విజేతగా నిలిచింది. అప్పటికి హిర్ష్‌కు పద్దెనిమిదేండ్లు.

మరుసటి ఏడు డిసెంబరులో జాతీయ జట్టు పిలుపు వచ్చింది. 1912 మార్చి 24న హాలెండులోని జ్వొల్లె పట్టణంలో జరిగిన పోటీ ఆయన పేరును దేశమంతటా మారుమ్రోగించింది. ఆనాడు రెండు జట్లూ చెరి అయిదు గోళ్ళు చేసి సమానంగా నిలిచాయి. జర్మనీవారి అయిదింటిలో నాలుగు హిర్ష్‌వే, మిగిలినది ఫుక్స్‌ది. ఆ వేసవిలో స్టాక్‌హోం ఒలింపిక్ పోటీలకు ఇద్దరూ వెళ్ళారు. అక్కడ రష్యాపై ఫుక్స్ ఒక్కరే పది గోళ్ళు చేశారు. జర్మనీ తరఫున ఒక పోటీలో అంతకు మించినవారు నేటికీ లేరు. ఫుక్స్ కూడ యూదుడే. జర్మనీ జాతీయ జట్టులో ఆడిన యూదులు ఈ ఇద్దరే.

తరువాత హిర్ష్ ఉద్యోగరీత్యా న్యూరెంబర్గు చేరి, ప్రక్కనున్న ఫ్యూర్త్ జట్టులో ఆడారు. 1914లో ఆ జట్టు కూడ జర్మనీ విజేత అయింది. రెండు సంఘాల పక్షాన ఈ గౌరవం పొందిన ఆటగాడాయన. జాతీయ జట్టుకు ఏడుసార్లు ఆడారు. ఇంతలో మహాయుద్ధం వచ్చింది. హిర్ష్ నాలుగేండ్లు సైన్యంలో పనిచేసి, ఇనుప శిలువ పతకం పొందారు. ఆయన సోదరుడు లియోపోల్డ్ 1918లో ఆ యుద్ధంలోనే ప్రాణమిచ్చాడు.

యుద్ధానంతరం హిర్ష్ కార్ల్స్‌రూహెకు తిరిగివచ్చి, మళ్ళీ పాత సంఘంలోనే ఆడారు. 1920లో ఎల్లా అనే క్రైస్తవ యువతిని వివాహమాడారు. వారికొక కుమారుడు, ఒక కుమార్తె.

1933 జనవరిలో హిట్లరు అధికారానికి వచ్చాడు. ఏప్రిల్ నెలలో దక్షిణ జర్మనీలోని 14 పెద్ద సంఘాలు, యూదులను తమలోనుండి తొలగించడంలో ప్రభుత్వానికి తోడుంటామని ప్రకటించాయి. ఆ ప్రకటనపై కార్ల్స్‌రూహె సంఘం పేరున్నది, ఫ్యూర్త్ సంఘం పేరూ ఉన్నది. హిర్ష్ చేత విజేత అనిపించుకొన్న రెండు సంఘాలూ అవే! ఆయన ఆ వార్త పత్రికలో చదివి, తొలగించేదాకా ఆగక, ఆనాడే రాజీనామా వ్రాసి పంపారు. మూడు దశాబ్దాల అనుబంధం తెంచుకోవలసి వచ్చినందుకు అందులో బాధపడ్డారు. యూదులలోనూ దేశాన్ని ప్రేమించి, ఆ ప్రేమను రక్తం ధారపోసి నిరూపించినవారున్నారని గుర్తుచేశారు.

ఆ తరువాత జీవనోపాధి కరువైంది. యూదుల క్రీడాసంఘంలో కొంతకాలం ఆడారు, నేర్పారు. 1938లో పారిసులోని సోదరిని చూచి తిరిగివచ్చే దారిలో, నిరాశ భరించలేక ప్రాణం తీసుకోబోయి, ఎట్లో బ్రతికి బయటపడ్డారు. 1939లో ఒక క్రీడాపత్రిక జాతీయ ఆటగాళ్ళ చిత్రాల సంపుటం వెలువరించినప్పుడు, అందులో హిర్ష్ లేరు, ఫుక్స్ లేరు. ఫుక్స్ అప్పటికే దేశం విడిచారు, చివరకు కెనడా చేరారు. హిర్ష్ మాత్రం కార్ల్స్‌రూహెలోనే ఉండి, నగరపాలకులు చూపిన కూలిపని చేశారు.

భార్య క్రైస్తవురాలు కావడంచేత ఆయనకు కొంత రక్షణ ఉండేది. అయితే తాను వేరైతే భార్యాబిడ్డలకు మేలు జరుగుతుందని తలచి, 1942 డిసెంబరులో విడాకులు పొందారు. వారికోసం చేసిన ఆ పనితో తన రక్షణ పోయింది. 1943 మార్చి 1న ఆయనను కార్ల్స్‌రూహెనుండి రైలులో ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి తరలించారు. దారిలో డార్ట్‌మండ్‌నుండి కుమార్తెకు పదిహేనవ పుట్టినరోజు శుభాకాంక్షలతో ఒక కార్డు వ్రాశారు. ఇంటివారికి అందిన చివరి కబురదే. 1950లో న్యాయస్థానం, 1945 మే 8వ తేదీతో ఆయన మరణించినట్లు ప్రకటించింది. పిల్లలిద్దరినీ 1945 ఫిబ్రవరిలో టెరేసీన్‌స్టాట్ శిబిరానికి పంపారు. యుద్ధం ముగియడంతో వారు ప్రాణాలతో ఇల్లు చేరారు.

యుద్ధం ముగిసినా మరపు తొలగలేదు. 1972లో మ్యూనిక్ కొత్త మైదానంలో జరిగే పోటీకి ఫుక్స్‌ను అతిథిగా పిలవమని మాజీ శిక్షకుడు సెప్ హెర్బెర్గర్ కోరితే, జర్మన్ ఫుట్‌బాలు సమాఖ్య ఒప్పుకోలేదు. ఆ నిర్ణయం వెలువడేనాటికి ఫుక్స్ కన్నుమూశారు. 2005లో గాని ఆ సమాఖ్యకు కళ్ళు తెరపిడి పడలేదు. ఆ ఏడు హిర్ష్ పేరిట ఒక బహుమతి నెలకొల్పి, జాతి మత ద్వేషాలను ఎదిరించేవారికి ఇవ్వసాగింది.

హిర్ష్‌ను హత్య చేసినది ఆనాటి ప్రభుత్వం. కాని, తొలిసారి ఆయనను పరాయివాడన్నది, ఆయన పక్షాన కేకలు వేసి చప్పట్లు కొట్టిన సంఘాలే. ప్రక్కవాడు తనవాడు కాదని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ మాటకు తలయూపకుండా ఉండడం ప్రతి సంఘానికి, ప్రతి ఊరికి ఉన్న బాధ్యత. ఆ బాధ్యత తప్పితే కలిగే నష్టమెంతటిదో హిర్ష్ చరిత్ర చెబుతున్నదని మా విశ్వాసం.