విశ్వాస వీరులు: ట్రాయ్ పట్టణపు కాపరి హెన్రీ హైలాండ్ గార్నెట్

డ్యూటీ దిగి రూముకు చేరాక, లేదంటే బస్సులో సీటు దొరికాక నెమ్మదిగా చదువుకోండి. ఈ రోజుది కాస్త పెద్దది.

విశ్వాస ప్రమాణం మనందరికీ నోటికి వచ్చు. ఊళ్ళో ఆదివారం చెప్పేవాళ్ళం, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు శుక్రవారం కూడికలో చెప్తున్నారు. సృష్టికర్తయైన తండ్రిని నమ్ముతున్నాం అంటాం, మన కోసం శ్రమపడి తిరిగి లేచిన కుమారుని నమ్ముతున్నాం అంటాం, శరీర పునరుత్థానాన్ని నమ్ముతున్నాం అంటాం. ఈ మాటలు నిజమే అయితే ఒక మనిషి ఇంకో మనిషిని ఎలా చూడాలి? ఈ ప్రశ్నను జీవితమంతా మోసిన ఒక దైవజనుని గురించి ఈ రోజు చెప్తాను.

ట్రాయ్ అనగానే మీలో అమెరికాలో ఉన్నవాళ్ళకు మిషిగన్‌లోని ట్రాయ్ గుర్తొస్తుంది, మన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి కాబట్టి. నేను చెప్పేది అది కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఇంకో ట్రాయ్ ఉంది. ఒకప్పుడు ఇనుము పనికి, చొక్కా కాలర్ల తయారీకి పేరుపడ్డ ఊరు. 1840 ప్రాంతంలో ఆ ఊరికి పాతికేళ్ళయినా నిండని ఒక నల్లజాతి యువకుడు వచ్చాడు. చదువుకున్నవాడు, మంచి మాటకారి. కాలు మాత్రం పాడైపోయింది. చట్టం లెక్కలో ఇంకా పారిపోయిన బానిసే. ఎవరైనా వచ్చి ఇతను మా ఆస్తి అని రుజువు చూపిస్తే కట్టి తీసుకుపోవచ్చు. ఆయనే గార్నెట్ గారు.

హెన్రీ పుట్టింది 1815 డిసెంబరు 23న, మేరీలాండ్ రాష్ట్రంలోని కెంట్ కౌంటీలో. తల్లి బానిస కాబట్టి కడుపున పుట్టిన బిడ్డ కూడా పుట్టిన రోజే యజమాని ఆస్తి, దూడ పుట్టినట్టే. వాళ్ళ తాత ఆఫ్రికాలో మాండింగో తెగకు నాయకుడని, అక్కడి నుండి పట్టి ఓడ ఎక్కించారని ఇంట్లో చెప్పుకునేవారు.

1824లో యజమాని చనిపోయాడు. అలా చనిపోతే బానిసలకు సంతోషం అనుకుంటాం గాని, అసలు భయం అప్పుడే. వారసులు పంచుకుంటారు, తల్లి ఒకరికి బిడ్డ ఒకరికి పోతారు. హెన్రీ తండ్రి జార్జ్ ఆలోచించాడు. బంధువుల ఇంట్లో చావు, మట్టికి వెళ్ళొస్తాం అని అనుమతి తీసుకున్నాడు. పదకొండు మంది బయల్దేరారు, ఒక్కరూ తిరిగి రాలేదు. పైన గుడ్డ కప్పిన బండిలో డెలావేర్‌లోని విల్మింగ్టన్ చేరితే, అక్కడ థామస్ గారెట్ అనే క్వేకర్ విశ్వాసి వాళ్ళను ఆదుకున్నాడు. 1825లో న్యూయార్క్ నగరం చేరారు.

అక్కడ జార్జ్ చేసిన మొదటి పనుల్లో ఒకటి ఏంటో తెలుసా? భార్యాబిడ్డలను కూర్చోబెట్టి, ప్రార్థన చేసి, కొత్త పేర్లు పెట్టాడు. తల్లి ఎలిజబెత్ అయింది. ఇంటిపేరు గార్నెట్ అయింది. యజమాని పెట్టిన పిలుపు పోయింది. అబ్రాము అబ్రాహాము అయిన సంగతి మనం ఎన్నిసార్లు విన్నాం! కంపెనీలో నంబరుతో పిలిపించుకునే మీకు పేరు విలువ నేను చెప్పక్కర్లేదు. ఆదికాండము 1:27 ఒకసారి తీసి చదవండి. దేవుని స్వరూపమందు చేయబడినవాడు నరుడు, అంతే. ఫలానా రంగు నరుడు అని అక్కడ లేదు.

అయితే మేరీలాండ్‌లో బానిసలను కొని అమ్మేవాళ్ళలో చాలామంది కూడా ఇదే బైబిలు చదివారు, ఇదే ప్రమాణం చెప్పారు, ఇదే బల్లలో పాలుపొందారు. దాసులారా లోబడుడి అనే ఎఫెసీ పత్రిక మాట వాళ్ళకు బాగా గుర్తు. ఒనేసిమును ఇక దాసునిగా కాదు, ప్రియ సహోదరునిగా చేర్చుకో అని పౌలు ఫిలేమోనుకు రాసిన సంగతి మాత్రం అంతగా గుర్తుండేది కాదు. సిద్ధాంతం తెలియక కాదండీ. తెలిసి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేశారు.

న్యూయార్క్‌లో హెన్రీ నల్లపిల్లల ఉచిత పాఠశాలలో చేరాడు. తర్వాత ఓడల మీద పనికి కుదిరి క్యూబా దాకా వెళ్ళొచ్చాడు. 1829లో ఒక ప్రయాణం ముగించుకుని ఇంటికి వస్తే ఇల్లు ఖాళీ. బానిసలను పట్టేవాళ్ళు దాడి చేశారు. తండ్రి పైనుంచి దూకి తప్పించుకున్నాడు. తల్లి దాక్కుంది. చెల్లెలు దొరికిపోయి కోర్టుకెక్కింది (చివరికి విడుదలైంది). సామాన్లన్నీ పోయాయి. దూరాన పనిచేసి ఇంటికి తిరిగొచ్చేవాడికి ఇలాంటి గుమ్మం ఎదురైతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పదమూడేళ్ళ హెన్రీ చేతిలో ఉన్న డబ్బుతో ఒక కత్తి కొన్నాడు. దాన్ని పట్టుకుని బ్రాడ్‌వే వీధిలో అటూ ఇటూ తిరిగాడు, వాళ్ళు కనబడతారేమోనని. స్నేహితులు బతిమాలి లాంగ్ ఐలండ్‌కు పంపించి దాచారు.

అక్కడ పనిచేస్తున్న రోజుల్లోనే కాలికి దెబ్బ తగిలింది, అది మానలేదు. ఊతకర్రలు వచ్చాయి. న్యూయార్క్ తిరిగొచ్చాక, నల్లజాతి ప్రెస్బిటేరియన్ సంఘానికి కాపరిగా ఉన్న థియోడర్ రైట్ గారు ఆదివారపు బడిలో అతణ్ణి చేరదీసి బాప్తిస్మం ఇచ్చారు. సేవకు వెళ్ళమని ప్రోత్సహించారు.

1835లో న్యూ హాంప్‌షైర్‌లో ఒక ఊళ్ళో నల్ల, తెల్ల పిల్లలు కలిసి చదివే బడి పెట్టారని తెలిసి, హెన్రీ ఇద్దరు స్నేహితులతో వందల మైళ్ళు ప్రయాణించి వెళ్ళాడు. ఆ ఊరి పేరు కనాను! మన బైబిల్లోని కనానే. అక్కడ పాలూ తేనే దొరకలేదు. ఆగస్టులో ఊరివాళ్ళు దాదాపు 90 జతల ఎద్దులను తోలుకొచ్చి, బడికి గొలుసులు కట్టి, పునాది మీంచి పెకలించి లాగి పారేశారు. రాత్రి గుర్రం మీద వచ్చి కాల్చినవాడికి, జ్వరంతో ఉన్న హెన్రీ కిటికీలోంచి తుపాకీతోనే జవాబిచ్చాడు. అతడు అప్పటికే విశ్వాసి. భక్తుల జీవితాలను పాలరాయిలా నున్నగా చేసి చెప్పే అలవాటు మనకుంది, అందుకే ఈ తుపాకీ సంగతి దాచకుండా చెప్తున్నాను. ఆ బడిలోనే చదివిన జూలియా విలియమ్స్ తర్వాత ఆయన భార్య అయింది.

తర్వాత వనైడా ఇన్‌స్టిట్యూట్‌లో చదువు పూర్తయింది, ట్రాయ్‌కు వచ్చారు. దాదాపు అదే సమయంలో ఆ కాలు తుంటి దగ్గర నుండి తీసేయాల్సి వచ్చింది. ఒంటికాలితో పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆ ఊరి పెద్ద సంఘపు కాపరి నేథన్ బీమన్ గారి దగ్గర వేదాంతం నేర్చుకున్నారు. లిబర్టీ స్ట్రీట్‌లోని నల్లజాతి ప్రెస్బిటేరియన్ సంఘానికి 1843లో అభిషిక్త కాపరి అయ్యారు. పత్రిక నడిపారు, ఓటు హక్కు కోసం తిరిగారు. శరీర పునరుత్థానం అని మనం గబగబా చెప్పి దాటేస్తాం. ఒంటికాలి కాపరి నాయకత్వంలో, కొరడా దెబ్బల గుర్తులు ఇంకా మానని వీపులతో ఆ మాట పలికిన సంఘాన్ని ఒకసారి తలచుకోండి. దేవుడు లేపబోయేది ఆ శరీరాలనే కదా.

అదే 1843 ఆగస్టులో బఫెలో నగరంలో నల్లజాతివారి జాతీయ సభ జరిగింది. అక్కడ ఆయన దక్షిణాది బానిసలను ఉద్దేశించి ఒక ప్రసంగం చేశారు. ఆయన వాదన ఇది. దేవుని ఆజ్ఞలు బానిసకూ వర్తిస్తాయి. విశ్రాంతి దినం ఆచరించాలి, కాని దినం అతని చేతిలో లేదు. పిల్లలను దేవుని భయంలో పెంచాలి, కాని పిల్లలను రేపు ఎవరికి అమ్ముతారో తెలియదు. వాక్యం చదవాలి, కాని చాలా రాష్ట్రాల్లో బానిసకు చదువు నేర్పడమే నేరం. దేవునికి విధేయుడు కాకుండా అడ్డుపడే స్థితికి ఇష్టపూర్వకంగా లొంగి ఉండటం భక్తి కాదు, పాపం. కాబట్టి యజమానుల ఎదుట నిలబడి మేము పని చేయం అని చెప్పండి, రక్తం చిందినా సరే అన్నంత దూరం వెళ్ళారు.

సభ హడలిపోయింది. ఫ్రెడరిక్ డగ్లస్ గారు కూడా ఒకప్పటి బానిసే, ఆయన గట్టిగా ఎదిరించారు. నచ్చజెప్పి మార్చాలి గాని, కత్తి మాట మాట్లాడితే చచ్చేది మనవాళ్ళే అన్నది ఆయన భయం. ఆ ప్రసంగాన్ని సభ పేరున పంపాలన్న తీర్మానం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది.

ఎవరిది సరి? రక్తం విషయంలో నేను డగ్లస్ గారి వైపే. ఓపిక అనే మాటను యజమానులు ఎలా వాడుకున్నారో చూపించడంలో మాత్రం గార్నెట్ గారిది తిరుగులేని మాట. మీ కష్టం ఆ బానిసత్వంతో సమానం అనడం లేదు నేను. మీరు సంతకం పెట్టి వచ్చారు, జీతం ఉంది, ఇంటికి పంపుతున్నారు. కాని పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండి, తల్లి చనిపోయినా వెళ్ళలేకపోయిన తమ్ముళ్ళున్నారు. జీతం రాక కల్లివెల్లి అయి దాక్కుంటున్నవాళ్ళున్నారు. వాళ్ళతో మనం కూడికలో ఏమంటాం? ఓర్చుకో, దేవుడు చూస్తాడు అంటాం. గార్నెట్ గారైతే ముందు ఎంబసీకి తోడు వెళ్ళేవారని నా నమ్మకం.

ఈ గొడవ మన తెలుగు సంఘాల పుట్టుక దాకా తాకింది. శామ్యూల్ డే గారు 1840లో నెల్లూరుకు వచ్చి పని మొదలుపెట్టారు. ఆయన్ను పంపిన అమెరికా బాప్టిస్టులు 1845లో నిలువునా చీలిపోయారు. బానిసలున్న వ్యక్తిని మిషనరీగా పంపవచ్చా అన్నదే ప్రశ్న. పంపకూడదన్న ఉత్తరాదివాళ్ళ చేతిలోనే మన తెలుగు మిషను మిగిలింది.

1847లో జాతీయ సభ ట్రాయ్‌లో, ఆయన సంఘంలోనే జరిగింది. మరుసటి ఏడు ఆయన ఆ ఊరు వదిలారు. పన్నెండేళ్ళ తర్వాత ఆ ట్రాయ్‌లో జరిగింది వినండి. 1860 ఏప్రిల్ 27న చార్లెస్ నల్లీ అనే పారిపోయిన బానిసను అధికారులు పట్టుకున్నారు. ఊళ్ళో బంధువులను చూడటానికి వచ్చిన హ్యారియట్ టబ్‌మన్ గారు జనంలోకి దూరి అతణ్ణి లాక్కున్నారు. నది దాటించారు, అవతలి ఒడ్డున మళ్ళీ పట్టుబడితే మళ్ళీ విడిపించారు. ఆ తర్వాత ఊరివాళ్ళు చందాలు వేసుకుని 650 డాలర్లు యజమానికి కట్టి అతణ్ణి స్వతంత్రుణ్ణి చేశారు. విమోచన క్రయధనం అనే మాట మనకు పాటల్లో మాట. నల్లీకి అది రసీదు మీద అంకె. మొదటి పేతురు 1:18, 19 ఈ లెక్కతో మళ్ళీ చదవండి.

గార్నెట్ గారు ఇంగ్లండ్, స్కాట్లండ్ తిరిగి బానిసలు పండించిన పత్తి కొనవద్దని చెప్పారు. జమైకాలో కొన్నేళ్ళు మిషనరీగా ఉన్నారు. 1845 నుండే మన దేశపు కూలీలు కూడా ఆ దీవికి ఓడల్లో దిగుతున్నారు. తిరిగొచ్చి న్యూయార్క్‌లో షైలో సంఘానికి కాపరి అయ్యారు. 1863 అల్లర్లలో అల్లరిమూక ఆయన పేరు అరుస్తూ వీధిలోకి వస్తే, కూతురు మేరీ గొడ్డలి పట్టుకుని తలుపు మీది పేరుపలక ఊడబీకింది. ఇల్లు తెలియక వాళ్ళు దాటిపోయారు. తండ్రి ప్రార్థించి ఇచ్చిన పేరే ఆ పలక మీద ఉన్నది.

బానిసత్వాన్ని రద్దు చేసే సవరణను కాంగ్రెస్ 1865 జనవరి 31న ఆమోదించింది. ఫిబ్రవరి 12, ఆదివారం, ప్రతినిధుల సభ మందిరంలో వాక్యం చెప్పడానికి గార్నెట్ గారిని పిలిచారు. ఆ మందిరంలో ప్రసంగించిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. తీసుకున్న వాక్యం మత్తయి 23:4, మోయలేని బరువులు మనుషుల భుజాల మీద పెట్టి వేలితోనైనా తాకని శాస్త్రుల సంగతి. దాన్ని ఆ దేశపు చట్టకర్తల ముఖం మీదే చెప్పారు.

1881లో అమెరికా ప్రభుత్వం ఆయన్ను ఆఫ్రికాలోని లైబీరియాకు రాయబారిగా నియమించింది. ఆరోగ్యం బాగాలేదు, వద్దని స్నేహితులు బతిమాలారు. తాతను ఓడ ఎక్కించిన ఖండం మీద అడుగు పెట్టాలని ఆయన ఆశ. కూతురు మేరీ అప్పటికే అక్కడ ఉంది. డిసెంబరు 28న దిగారు. రెండు నెలలైనా పూర్తిగా గడవలేదు. 1882 ఫిబ్రవరి 13న మన్రోవియాలో కన్నుమూశారు. ఆ ఊరి పామ్ గ్రోవ్ సమాధుల తోటలోనే ఆయన్ను పాతిపెట్టారు.