వర్ణకోవిదుడు పాల్ ఎర్లిక్

ప్రష్యా రాజ్యంలోని సిలీషియా సీమలో, స్ట్రేలెన్ అనే చిన్న పట్టణంలో, 1854 మార్చి 14న ఒక యూదు కుటుంబంలో పాల్ ఎర్లిక్ జన్మించాడు. ఆ ఊరు నేడు పోలండు దేశంలో ఉంది. వైద్యవిద్యార్థిగా ఆయనకు పాఠ్యగ్రంథాల కంటె రంగుల మీదనే మక్కువ. తల్లి వైపు బంధువైన కార్ల్ వైగర్ట్ కణజాలాలకు రంగులద్ది సూక్ష్మదర్శినిలో పరిశీలించే విద్యలో అప్పటికే సిద్ధహస్తుడు. బట్టల అద్దకానికి వాడే అనిలిన్ రంగులు ఎర్లిక్ చేతిలో పరిశోధన సాధనాలయ్యాయి.

1878లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో ఆయన రేణువులతో కిక్కిరిసిన కొన్ని కణాలను వర్ణించాడు. అవి పుష్టిగా మేసిన కణాలని భావించి, జర్మన్ భాషలో మేపుడును సూచించే పదంతో వాటికి మాస్ట్ కణాలని పేరు పెట్టాడు. ఊహ తప్పయింది, పేరు మాత్రం నిలిచింది. మరుసటి సంవత్సరం, గాజుపలకపై పలుచగా పూసి ఆరబెట్టిన రక్తానికి ఇయోసిన్ అనే ఆమ్లవర్ణకాన్ని అద్దినప్పుడు, కొన్ని తెల్ల రక్తకణాలలోని రేణువులు అరుణకాంతితో మెరిశాయి. అవే ఇయోసినోఫిల్స్. నూరు తెల్ల కణాలలో అవి సాధారణంగా నాలుగైదుకు మించవు.

వాటి పని ఏమిటో ఎర్లిక్ కాలంలో తేలలేదు. పేగులలో, కణజాలాలలో చేరే కృమి ఒక కణం మింగగలిగినంత చిన్నది కాదు. అందువల్ల ఇయోసినోఫిల్స్ దాని చుట్టూ గుమిగూడి, తమ రేణువులలోని క్షారగుణం గల ప్రోటీన్లను వెదజల్లి, పైపొరను గాయపరుస్తాయి. ఇయోసిన్ రంగును పట్టుకొన్నవి సరిగ్గా ఈ ప్రోటీన్లే! అన్ని కృముల విషయంలోను ఈ పోరు ఒకే తీరున సాగదు. పుప్పొడి, ధూళి వంటి హానిలేని వస్తువులను శరీరం శత్రువులుగా పొరబడితే, మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను విడుస్తాయి. వెంట వచ్చిన ఇయోసినోఫిల్స్ ఉబ్బసరోగి శ్వాసనాళాలనే గాయపరుస్తాయి. రక్తపరీక్షలో వీటి సంఖ్య పెరిగితే వైద్యులు కృములనో ఎలర్జీనో అనుమానించడం ఇందువల్లనే.

1888లో ఎర్లిక్‌కు క్షయ సోకింది. క్షయక్రిములకు రంగువేసే పద్ధతిని మెరుగుపరచినవాడు ఆయనే కావడం విధివైచిత్రి. ఈజిప్టులో కొంతకాలం గడిపి కోలుకొన్నాడు. 1908లో మెచ్నికాఫ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నాడు. జపాను శాస్త్రజ్ఞుడు హటాతో కలిసి సిఫిలిస్‌కు సాల్వర్సాన్ అనే ఔషధాన్ని సాధించాడు. రోగకారకాన్ని మాత్రమే వెదకి కొట్టే మందు కావాలన్నది ఆయన జీవితకాలపు తపన. 1915 ఆగస్టు 20న మరణించాడు. సరిగ్గా నూరేళ్లకు, 2015లో, ఇయోసినోఫిల్స్ సంఖ్యను తగ్గించే మెపోలిజుమాబ్ అనే ప్రతిరక్షక ఔషధం తీవ్రమైన ఉబ్బసానికి అమెరికాలో ఆమోదం పొందింది.