నలభై నిండేలోపు పన్నెండు ఉపన్యాసాలు

కాలేజీ నోటీసు బోర్డులో ‘న్యాయశాస్త్రంపై ప్రత్యేక ఉపన్యాసం’ అని కనిపిస్తే మీరు ముందు ఏం అడుగుతారు? సర్టిఫికెట్ ఇస్తారా అనే కదా! ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు అలా అడగడం తప్పేం కాదు. కానీ అలాంటి ఉపన్యాసాలే జీవితాన్ని మలుపు తిప్పిన ఓ మనిషి కథ వినండి. ఆయన పేరు ఆలివర్ వెండెల్ హోమ్స్ జూనియర్.

1841లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టారు. తండ్రి పేరున్న డాక్టర్, రచయిత. హార్వర్డ్‌లో డిగ్రీ పూర్తయిన ఏడాదే అంతర్యుద్ధానికి వెళ్లి, మూడుసార్లు గాయపడ్డారు. తిరిగొచ్చి లా చదివి, 1867లో లాయరయ్యారు. పగలంతా కేసులు, రాత్రిళ్లు చదువు. ఓ న్యాయ పత్రికకు సంపాదకుడిగా పనిచేస్తూ వ్యాసాలు రాశారు. తత్వశాస్త్రం మీద మిత్రులతో గంటలకొద్దీ చర్చించేవారు. ఏదైనా సాధించాలంటే నలభై ఏళ్లలోపే సాధించాలన్నది ఆయన నమ్మకం. ఆ వయసేమో దగ్గర పడుతోంది!

సరిగ్గా అప్పుడే బోస్టన్‌లోని లోవెల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి పిలుపొచ్చింది. 1880 చివర్లో అక్కడ 12 ఉపన్యాసాలు ఇచ్చారు. చట్టం తర్కం నుంచే పుట్టదు, ఆయా కాలాల్లో మనుషుల అవసరాలు, అనుభవాలే దాన్ని మలుస్తాయన్నది ఆయన వాదన. ఆ ఉపన్యాసాలే ‘ది కామన్ లా’ పుస్తకంగా వచ్చాయి. ఎప్పుడో తెలుసా? 1881 మార్చిలో, 40వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు! మరుసటి ఏడాది హార్వర్డ్‌లో ప్రొఫెసర్ పదవి, అదే ఏడాది మసాచుసెట్స్ అత్యున్నత కోర్టులో జడ్జి పదవి వరించాయి.

జడ్జి అయ్యాక కూడా విద్యార్థుల ముందుకు రావడం మానలేదు. 1897 జనవరిలో బోస్టన్ యూనివర్సిటీ లా స్కూల్ కొత్త భవనం ప్రారంభోత్సవంలో మాట్లాడారు. కోర్టులు ఏం తీర్పు ఇస్తాయో ముందే అంచనా వేయడమే లాయర్ పని అన్నారు. ముందుముందు లాయర్లకు గణాంకాలు, ఆర్థికశాస్త్రం కూడా తెలిసుండాలని సూచించారు. ఆ ప్రసంగాన్ని లా విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు. 1902లో సుప్రీంకోర్టుకు వెళ్లి, 90 ఏళ్ల వయసులో 1932లో పదవి వీడారు. 1935లో కన్నుమూశారు.

అయితే ఇంత మేధావీ పెద్ద తప్పు చేశారు. 1927లో క్యారీ బక్ అనే యువతికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడాన్ని సమర్థిస్తూ తీర్పు రాసింది ఆయనే. ఆ తీర్పును నేటికీ తప్పుపడుతూనే ఉన్నారు. అంటే, వేదిక మీదున్నది ఎంత గొప్పవారైనా కింద కూర్చున్నవాళ్లు ప్రశ్నించాల్సిందే.

కాబట్టి ఈసారి లా సెమినార్ అంటే ముందు వరుసలో కూర్చోండి. వక్త వాదనేంటి, దానికి ఆధారమేంటి, మీరు ఎక్కడ ఒప్పుకోరు? ఈ మూడూ నోట్‌బుక్‌లో రాసుకోండి. చివర్లో మొహమాటపడకుండా ఒక్క ప్రశ్న అడగండి. కుదిరితే మీరే ఓ చిన్న పేపర్ రాసి, చదివి వినిపించండి. నలుగురి ముందు ఒక వాదనను నిలబెట్టడం అలవాటైతే ఇంటర్వ్యూ బోర్డు ముందు గొంతు తడారదు. సర్టిఫికెట్ ఇస్తే మంచిదే. ఇవ్వకపోయినా ఆ సాయంత్రం వృథా కాదు.