రాజా దీనదయాళు

హైదరాబాదు నడిబొడ్డున నున్న చార్మినారును 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా కట్టించెను. దానికి నాలుగు వైపుల గడియారములు అమర్చినది మాత్రము 1889లో. పాత చిత్రములను పరిశీలించువారికి ఆ గడియారమే ఒక ఆనవాలు. ఏ చిత్రమున అది కానరాదో, ఆ చిత్రము 1889కి ముందటిదని గ్రహింపవచ్చును. ఆ కాలపు నగరమును చిత్రములలో నిలిపినవారిలో దీనదయాళు అగ్రగణ్యుడు.

ఆయన 1844లో మీరట్టు చెంతనున్న సర్ధనాలో జైన కుటుంబమున జన్మించెను. రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోరులో ప్రభుత్వ మరామత్తు శాఖయందు పటములు గీయు ఉద్యోగమున చేరెను. కెమెరా ఆయనకు మొదట ఒక వినోదము మాత్రమే. మహారాజు తుకోజీరావు హోల్కరు ప్రోత్సాహముతో అది వ్యసనమయ్యెను. 1882లో లెపెల్ గ్రిఫిన్ దొర వెంట బుందేల్‌ఖండమున తిరిగి, కోటలను, ఆలయములను చిత్రించెను.

ఆ పని నేటివలె సులభము కాదు. తొలిదినములలో గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే కెమెరాలో నుంచి, వెంటనే చీకటి గుడారములో కడుగవలసి యుండెను. బరువైన పెట్టెలను బండ్లపై మోసికొని పోవలెను. గాజు పగిలినచో శ్రమయంతయు వ్యర్థమే. చిత్రము పడుటకు కొంత సేపు పట్టెడిది. కట్టడములకు కదలక నిలుచుట కష్టమా? బాటసారులకే కష్టము! కావుననే అట్టి చిత్రములలో నడచిపోవువారు పొగవలె చెరిగి కనబడుదురు. కొంతకాలమునకు పొడి పలకలు వచ్చి ఈ చిక్కు తీరినది.

దీనదయాళు స్థిరమైన జీతమును వదలుకొని, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున చేరెను. సికింద్రాబాదులో చిత్రశాల తెరచెను. ఘోషా పాటించు స్త్రీలు పరపురుషుని యెదుటికి రారు. వారికొరకు 1892లో ఒక ఆంగ్ల వనిత ఆధ్వర్యవమున వేరొక చిత్రశాలను నెలకొల్పెను. ఈ యోచన ఆయన వ్యవహారజ్ఞానమునకు గొప్ప తార్కాణము. 1894లో నిజాము ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహద్దూరు అను బిరుదు నొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. కుంచెకు మారు కెమెరా పట్టినవానికి ఆ పేరు దక్కుట విశేషమే. నిజాము ఆయనను మెచ్చి ఉర్దూలో ఒక ద్విపద కూడ చెప్పెనని ప్రతీతి.

దీనదయాళు 1905లో కన్నుమూసెను. మూడేండ్లు గడచిన పిమ్మట, 1908 సెప్టెంబరులో, మూసీనది పొంగి నగరమున వేలాది యిండ్లను ఊడ్చివేసెను. ఆ వరదకు పూర్వపు వీధులను, మేడలను నేడు చూడగోరువారు ఆయన చిత్రములనే ఆశ్రయింపవలసి యున్నది. ఆయన గాజుపలకలలో 2,857 పలకలు 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రమునకు చేరినవి.