సూర్యుడి మంటల గుట్టు గుంటూరులో విప్పిన జాన్సెన్

గుంటూరు: 1868 ఆగస్టు 18వ తేదీ ఉదయం 9 గంటల వేళ గుంటూరు పట్నానికి పట్టపగలే చీకటి పడింది. సంపూర్ణ సూర్యగ్రహణం అయిదు నిమిషాలకు పైగా నిలిచింది. పట్టు స్నానం, విడుపు స్నానం, గిన్నెల్లో దర్భలు, ఇంట్లోంచి గర్భిణులు కదలరాదన్న కట్టడి ఉన్న రోజులవి. ఆ వేళ ఊళ్లోని ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట మకాం వేసి, దూరదర్శినికి కన్ను ఆనించి నిలబడ్డాడు 44 ఏళ్ల జూల్ జాన్సెన్.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో పుట్టాడు. తండ్రి సంగీత విద్వాంసుడు. చిన్ననాడు ఎత్తుకునే దాది అజాగ్రత్త వల్ల కాలు దెబ్బ తిని జీవితాంతం కుంటివాడయ్యాడు. అందువల్ల బడికి పోలేదు. ఇంటి పరిస్థితి బాగోక ఏళ్ల తరబడి బ్యాంకులో గుమాస్తా పని చేశాడు. చదువు మీద ఆశ చావక పెద్దయ్యాక పరీక్షలకు కట్టి, 36వ ఏట డాక్టరు పట్టం పొందాడు.

తర్వాత వెలుతురును రంగులుగా విడదీసే యంత్రం మీద పడ్డాడు. 1864లో జెనీవా సరస్సు ఒడ్డున పెద్ద మంట వేయించి, 20 కిలోమీటర్ల అవతలి నుంచి ఆ వెలుగును పరీక్షించాడు. దారిలోని గాలి తేమ ఆ వెలుగులో ఏ గుర్తులు వేస్తుందో తెలుసుకోవడానికే ఈ తంటా.

గ్రహణం వేళ సూర్యుడి అంచున ఎర్రని నాలుకలు కనిపిస్తాయని లోకానికి అంతకుముందే తెలుసు. అవి ఏమిటన్నదే తేలలేదు. అది తేల్చడానికే 1868లో పండితులు మన దేశం వచ్చారు. గుంటూరులోనే ఇంగ్లీషు వారి తరఫున మేజర్ టెనెంట్, బందరులో మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ దిగారు. ఆనాడు కనిపించిన ఒక నాలుక పొడవు లక్ష కిలోమీటర్ల పైచిలుకు. దాని వెలుగు కొన్ని మెరుపు గీతలుగానే విడిపోయింది. అంటే అది ఉదజని ప్రధానంగా ఉన్న వాయువన్నమాట.

గీతలు అంత కాంతిగా ఉండటం చూసి జాన్సెన్‌కు ఒక ఆలోచన తట్టింది. వీటిని చూడటానికి గ్రహణం దేనికి? కుంట నీరు మడి అంతా పారితే పలచబడుతుంది, ఒక్క బోదెలో పారితే నిండుగా ఉంటుంది. యంత్రంలో సూర్యుని తెల్లని వెలుగు అన్ని రంగుల్లోకీ పరుచుకుని పలచబడుతుంది. నాలుకల వెలుగు కొన్ని గీతల్లోనే ఉంది గనుక చెక్కుచెదరదు. ఆ రోజు మబ్బు పట్టింది. మర్నాడు తెల్లవారక ముందే లేచి కాచుకున్నాడు. ఎండలో, గ్రహణం లేకుండానే, నాలుకలు కనిపించాయి! రెండు వారాలకు పైగా అక్కడే ఉండి రోజూ చూశాడు. నిమిషాల మీద అవి ఆకారం మార్చుకోవడం గమనించాడు.

ఈ వార్త తెలుపుతూ సెప్టెంబరు 19న కాకినాడ నుంచి ఉత్తరం రాశాడు. అది పారిస్ చేరేసరికి అక్టోబరు అయింది. ఈలోగా, అక్టోబరు 20న, లండన్‌లో నార్మన్ లాకియర్ ఇదే పద్ధతిని సొంతంగా కనిపెట్టాడు. రెండు ఉత్తరాలూ ఫ్రెంచి అకాడమీ ముందు అక్టోబరు 26న ఒకే రోజు వచ్చాయి! తగవు లేకుండా ఇద్దరికీ ఘనత ఇచ్చి, 1872లో ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేశారు. హీలియం వాయువును గుంటూరులో జాన్సెనే కనుగొన్నాడని మన వైపు చెప్పుకుంటారు గాని, ఆ పసుపు గీత తెలిసిన ఏ వాయువుదీ కాదని తేల్చింది లాకియర్ వైపు వారు. జాన్సెన్ అసలు ఘనత గ్రహణంతో పని లేకుండా చూపడమే.

ఆ నాలుకలు నిజానికి మంటలు కావు. సుమారు పదివేల డిగ్రీల లోపు వేడి గల వాయువు. చుట్టూ ఉన్నది పది లక్షల డిగ్రీలు దాటిన పలచని వాతావరణం. అంచున ఉంటే వెలుగుతూ, బింబానికి అడ్డంగా వస్తే నల్లని తాడులా అదే కనిపిస్తుంది. సూర్యుడి పై పొరలో వేడి వాయువు సదా పారుతూ అయస్కాంత శక్తిని తనతో ఈడ్చుకుపోతుంది. ఉత్తర, దక్షిణ ధ్రువాల వంటి ప్రాంతాలు ఎదురుపడి ఒరుసుకున్న గట్టు మీద అయస్కాంత రేఖలు మెలిపడి ఉట్టిలా ఏర్పడతాయి. చల్లబడిన వాయువు ఆ ఉట్టిలో వారాల తరబడి నిలుస్తుంది. ఉట్టి తెగితే వాయువు అంతరిక్షంలోకి ఎగురుతుంది. అది మన వైపు వస్తే రేడియోలకు, కరెంటు లైన్లకు చిక్కే.

జాన్సెన్ తెగువ ఇంతటితో ఆగలేదు. 1870లో పారిస్‌ను జర్మన్ సైన్యం చుట్టుముట్టింది. శత్రువుల అనుమతి అడగనంటూ, అల్జీరియాలో గ్రహణం చూడటానికి డిసెంబరు 2న బెలూను ఎక్కి వారి తలల మీదుగా దాటిపోయాడు. తీరా చూస్తే గ్రహణం రోజున మబ్బు! మరుసటి ఏడాది మళ్లీ మన దేశం వచ్చి నీలగిరుల్లో గ్రహణం చూశాడు. 1874లో జపానులో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడాన్ని, 72 సెకన్లలో 48 బొమ్మలు తీసే తుపాకీ వంటి కెమెరాతో పట్టాడు. సినిమాకు తాతగా దాన్ని చెబుతారు.

పారిస్ దగ్గర మ్యూడన్‌లో వేధశాల నెలకొల్పి చివరి దాకా నడిపాడు. ఆయన వెనుక అక్కడి వారు 1908 నుంచి నల్లతాళ్లను వరుసగా ఫొటోలు తీస్తూ వచ్చారు.

నడవలేని జాన్సెన్ 69వ ఏట, 1893లో, కూలీలు స్లెడ్జి మీద లాగగా మంచు కొండ మోంబ్లాన్ శిఖరం ఎక్కాడు. పునాదికి రాయి దొరకక అక్కడి మంచు మీదే వేధశాల కట్టించాడు. 1907 డిసెంబరు 23న మ్యూడన్‌లో కన్ను మూశాడు. శిఖరం మీది ఆ కట్టడం మంచులో కుంగిపోవడంతో 1909లో దాన్ని వదిలేశారు.